రక్షణ బడ్జెట్: డబ్బులున్నాయ్ సరే.. ఫైటర్ జెట్లేవి?

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేంద్రం 6.81 లక్షల కోట్లు కేటాయించింది. అంతకుముందు ఏడాది కంటే ఇది 9.5 శాతం ఎక్కువ. ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి, మే 7న ఆపరేషన్ సిందూర్ తర్వాత.. ఇదీ చాలదు, ఇంకా పెంచాలన్న డిమాండ్ ఊపందుకుంది. సరిహద్దు దాటి గుంపులు గుంపులుగా వచ్చిన డ్రోన్లను చూశాక, ముప్పు రూపం మారలేదని ఎవరూ అనలేరు. మరి సమస్య అంతా డబ్బుదేనా?

లెక్కలు అలా చెప్పడం లేదు. 6.81 లక్షల కోట్లలో పెన్షన్లకే 1.60 లక్షల కోట్లు పోతోంది. కొత్త ఆయుధాలు, విమానాలు, నౌకల్లాంటి వాటికి మిగిలేది 1.80 లక్షల కోట్లు. పోనీ అదైనా పూర్తిగా ఖర్చవుతోందా అంటే అదీ లేదు. 2024-25లో ఈ పద్దు కింద 1.72 లక్షల కోట్లు ఇస్తే, సవరించిన అంచనాల్లో అది 1.59 లక్షల కోట్లకు దిగింది. అంటే 12 వేల కోట్లకు పైనే వెనక్కి పోయింది!

తేజస్ కథ చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021లోనే హెచ్‌ఏఎల్‌కు ఆర్డర్ ఇచ్చారు. మొదటిది 2024 మార్చిలో రావాలి. అమెరికా కంపెనీ జీఈ తొలి ఇంజిన్ పంపిందే 2025 మార్చిలో! ఆ సెప్టెంబర్ 26న మిగ్-21లు రిటైరయ్యాయి. అప్పటికి ఒక్క మార్క్-1ఏ కూడా ఎయిర్‌ఫోర్స్ చేతికి అందలేదు. ఉండాల్సిన స్క్వాడ్రన్లు 42. మిగిలినవి 29. ఏ ప్రాజెక్టూ టైమ్‌కి పూర్తి కావట్లేదని ఎయిర్ చీఫ్ మార్షల్ ఏపీ సింగ్ మే నెలలోనే బహిరంగ వేదిక మీద కుండబద్దలు కొట్టారు. యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇంత సూటిగా మాట్లాడటం అరుదే.

అలాగని అన్నీ ఇలాగే లేవు. హైదరాబాద్‌లోని బీడీఎల్ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు సిందూర్ సమయంలో బాగానే పనిచేశాయి. దశాబ్దాల నాటి ఎల్-70 గన్లకు కొత్త రాడార్లు, సెన్సార్లు తగిలిస్తే డ్రోన్లను కూల్చేశాయి. చవక డ్రోన్ మీదకి కోట్ల ఖరీదు చేసే మిసైల్ వదలడం కంటే ఇదే నయం.

ఇక మిగ్-21లు వెళ్లిపోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, మరో 97 తేజస్‌ల కోసం 62,370 కోట్లతో కేంద్రం కొత్త ఒప్పందం చేసుకుంది. డెలివరీలు మొదలయ్యేది 2027-28లో.