వేసవి యాత్ర: నీటి లెక్క



మా యింటివారును, కారులన్న ప్రీతిగల వారి మిత్రులును నాలుగు బండ్లలో సకుటుంబముగా అనంతపురమునుండి బయలుదేరి పెనుగొండ, లేపాక్షి, మఱునాడు కదిరి ప్రాంతమున తిమ్మమ్మ మఱ్ఱిమాను చూచుటకు మే నెలలో సంకల్పించిరి. చక్రములు చల్లగానున్న వేకువనే గాలి చూడవలెననియు, ఎండలో హెచ్చిన గాలిని తీయరాదనియు వ్రాసికొనిరి. యుక్తమే. ఆడువారు కాలకృత్యములకెక్కడ దిగవలెనో మాత్రము ఆ కాగితమున లేదు.

ఈ బిడియముచేతనే కదా మనము ప్రయాణములలో నీరు మానుట! ఈ సీమ యెండలో అది వడదెబ్బను, మూత్రమున మంటను కొనితెచ్చును. కావున మేము వేరొక కాగితము వ్రాసితిమి. గంటన్నరకొకమాఱు, మరుగుదొడ్డిగల పెట్రోలు బంకున నాలుగు బండ్లును ఆగవలెను. నడుమ ఆపుమన్నవారిని కారణమడుగరాదు. బండికొక కడవ నీరు, ఉప్పువేసిన పలుచని మజ్జిగ. పగలు పదకొండు మొదలు నాలుగువఱకు నీడను విడువరాదు. 1989లో గిన్నిసు గ్రంథమునకెక్కిన ఆ మఱ్ఱి దాదాపు ఐదెకరముల నీడనిచ్చుచుండగా తొందరయేల?

పెనుగొండ చెంత 2019 మొదలు కియా కారులు తయారగుచున్నవి. ఆ కర్మాగారమును దారినుండియైన చూడవలెనని పురుషుల యారాటము. మూడవ బండి తోలు మా వదినగారు మాత్రము మా కాగితమునే తన యెదుట నంటించుకొనిరి.