గుండె చికిత్సలో కిరణాల పొదుపు

ఆవడిలో ఎలక్ట్రిక్ బండెక్కి, సెంట్రల్‌లో దిగి, ఎదుటి పెద్దాసుపత్రిలో గుండె చూపించుకునే మనవాళ్ళు ఎందరో! నాళంలోకి సన్నని గొట్టం పంపి అడ్డు తీసే చికిత్స ఎక్స్‌రే సాయంతోనే సాగుతుంది. డాక్టరుగారి కాలు పెడలు మీదున్నంతసేపూ కిరణాలు రోగి వీపును తాకుతూనే ఉంటాయి. మోతాదు 2 గ్రేలు దాటితే చర్మం కందవచ్చు. మరీ మించితే వారాల తరువాత పుండు పడవచ్చు. అది గుండె చికిత్స వల్లనని ఎవరికి తోస్తుంది?

ఈ వైద్యులకు కిరణాల జాగ్రత్త ప్రత్యేకంగా నేర్పాలని అంతర్జాతీయ కిరణ రక్షణ సంఘం 2000లోనే చెప్పింది. బ్రహ్మవిద్యేమీ కాదు: అక్కరలేనప్పుడు పెడలు వదలడం, సెకనుకు 15 బొమ్మలకు బదులు ఏడున్నరతో సరిపెట్టడం, పలకను ఛాతీకి దగ్గరగా దించడం. చికిత్స మానుకొమ్మని మేము అనడం లేదు, ప్రాణం ముందు. ఇంటికి పంపేటప్పుడు మోతాదెంతో కాగితం మీద వ్రాయించుకోండి. మూడు వారాలయ్యాక వీపు ఒకమారు ఇంట్లోవాళ్ళకు చూపండి.