తల్లి సొర, బాలింత పథ్యం



మన పెద్దాపురానికి సముద్రం లేదు. సామర్లకోట మీదుగా కాకినాడ దాకా, దాదాపు 20 కిలోమీటర్లు వెళ్తేనే అల కనిపిస్తుంది. అయినా సముద్రం మన వంటింట్లో ఉంది. ముఖ్యంగా ఇంట్లో కాన్పు అయినప్పుడు ఉంది. బిడ్డకు పాలు చాలడం లేదంటే చాలు, అమ్మమ్మలు సంచి ఇచ్చి మనుషుల్ని పంపుతారు, పాల సొర దొరుకుతుందేమో చూడమని. తోలు తీసి, ఉడికించి, వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేపి బాలింతకు పెడతారు. ఈ ఆచారం ఎంత పాతదంటే, ఇంగ్లీషు వాళ్లు కూడా ఆ చేపకు పాల పేరే పెట్టుకున్నారు.

ఈ వారం ఆ సొర గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం. లేవీయకాండంలో పొలుసులు లేని చేప తినవద్దన్నారు కదా, మరి సొర మాటేమిటని అడిగేవాళ్లు సంఘంలో ఎప్పుడూ ఒకరుంటారు. ఆ చర్చ ఇవాళ పెట్టుకోం. మన ప్రశ్న వేరు.

సొరను ఎక్కువగా రాత్రి పడతారు. పగలు లోతుల్లో ఉండే చాలా జాతులు చీకటి పడ్డాక మేతకు పైకి వస్తాయి. పొద్దుగూకే వేళ కిలోమీటర్ల పొడవున్న తాడును నీళ్లలోకి వదులుతారు. దానికి వరసగా గేలాలు, ప్రతి గేలానికీ చేప ముక్కో కందవాయి ముక్కో ఎర. తాడు వదిలాక చేసేదేమీ ఉండదు. ఇంజను ఆపి, చిన్న దీపం పెట్టుకుని కూర్చోవాలి. తెల్లవారుతుండగా తాడు లాగితే తెలుస్తుంది ఆ రాత్రి కూలి గిట్టిందో లేదో. గెన్నేసరెతు సరస్సులో పేతురు రాత్రంతా కష్టపడి ఏమీ దొరకక వలలు కడుక్కుంటున్న సంగతి మనం ఎన్నిసార్లు ప్రసంగాల్లో విన్నాం! కాకినాడ రేవులో, ఉప్పాడ ఒడ్డున ఆ మాట వినేవాళ్లకు దాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. డీజిలు, ఐసు, భోజనం ఖర్చు పోగా మిగిలినది బోటు యజమానికో వాటా, మనుషులకో వాటా. మిగలకపోతే అప్పు.

పైగా అది ప్రాణం మీదికి వచ్చే పని. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుపాను మన జిల్లాలో ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో పెద్దవాళ్లకు గుర్తే. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం వైపు ఊళ్లలో వేటకెళ్లి తిరిగి రానివాళ్ల కోసం ఎదురుచూసిన తల్లులు ఎందరో. కాబట్టి రాత్రి సముద్రం మీద కూర్చున్న మనిషిని, సొరను చంపుతున్నావని ఒడ్డున కూర్చుని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

ఇంకో రకం రాత్రి వేట కూడా ఉంది. అమెరికాలో బోటును, నడిపేవాడితో సహా అద్దెకు తీసుకుని, రాత్రంతా సరదాగా సొరకు గేలం వేస్తారు. లాగి, పక్కన నిలబడి ఫొటో తీసుకుని వదిలేస్తారు. న్యూయార్క్ దగ్గర మాంటాక్ రేవులో ఫ్రాంక్ మండస్ అనే బోటు కెప్టెన్ ఈ వేటకే పేరు తెచ్చుకున్నాడు. 1986లో ఆయన బోటు మీద పడిన తెల్ల సొర బరువు 3,427 పౌన్లు, అంటే పదిహేను వందల కిలోల పైమాట. 1974లో 'జాస్' నవల, మరుసటి ఏడాది సినిమా వచ్చాక ఆ వేట మోజు ఇంకా పెరిగింది. తమాషా ఏమిటంటే, ఆ నవల రాసిన పీటర్ బెంచ్‌లీ తర్వాతి జీవితమంతా సొరల్ని కాపాడండని తిరిగాడు. మండస్ కూడా చివరి కాలంలో చేపకు తక్కువ గాయం చేసే గుండ్రటి గేలాలు వాడమని చెప్పాడు. ఇప్పుడు అక్కడి ప్రభుత్వం కూడా పట్టు బిగించింది. 2022 జులై నుంచి అట్లాంటిక్‌లో మాకో అనే సొరను ఒడ్డుకు తేకూడదు.

సరదా కోసం ఒక ప్రాణిని గంటసేపు గేలం మీద ఆడించడం మాకు మింగుడుపడదు. వదిలేశాం కదా అంటారు. కానీ సుత్తి తల సొరల్లాంటివి ఆ పెనుగులాటకే అలిసిపోయి, వదిలాక చనిపోతుంటాయి. పిల్లల కోసం రాత్రి సముద్రం మీదికి పోయేవాడినీ, ఫొటో కోసం పోయేవాడినీ ఒకే గాట కట్టకూడదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. గేలం ఎవరు వేశారన్నది సొరకు తెలియదు.

ఇక్కడే అసలు సంగతి. మన గోదావరి పులస లక్షల్లో గుడ్లు పెడుతుంది. అందులో ఎన్ని పోయినా కొన్ని బతుకుతాయి. సొర అలా కాదు. చాలా జాతులు కడుపులో పిల్లల్ని మోసి కంటాయి. పాల సొర దాదాపు ఏడాది మోస్తుంది, ఒక్క ఈతలో ఒకటి నుంచి ఎనిమిది పిల్లలు. మన ఆడవాళ్ల కంటే మూడు నెలలు ఎక్కువే మోస్తుందన్నమాట. ఈనడానికి చాలా జాతుల తల్లులు లోతు తక్కువ నీళ్లకు, ఏటి మొగల దగ్గరికి వస్తాయి. అక్కడ పెద్ద చేపల బెడద తక్కువ, పిల్లలకు మేత ఎక్కువ. పురిటికి పుట్టింటికి వచ్చినట్టే. వచ్చిన చోటే మన వలలు, గేలాలు ఉంటాయి. ఒక తల్లి పడితే ఏడాది కడుపు, దానితో పాటు రాబోయే ఏళ్ల కడుపులూ పోయినట్టే.

ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది, మనం దాన్ని గబగబా చదివి దాటిపోతుంటాం. దారిలో గూడు కనబడి, తల్లి పక్షి పిల్లల మీదనో గుడ్ల మీదనో కూర్చుని ఉంటే, తల్లినీ పిల్లలనూ కలిపి పట్టుకోకూడదని. ఆకలి తీర్చుకోవద్దని ఆ ఆజ్ఞ చెప్పలేదు. తీసుకో, కానీ తల్లిని వదిలెయ్ అంది. పిట్ట విషయంలో అంత శ్రద్ధ చూపిన దేవునికి సొర పట్టదని మేము అనుకోం.

చట్టం తన పని కొంత చేసింది. 2001లో తిమింగల సొరను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. 2013లో రెక్కలు కోసి ఒంటిని సముద్రంలో పారేసే పద్ధతిని ఆపారు. 2015లో రెక్కల ఎగుమతినే నిషేధించారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మరబోట్లు కదలవు. ఆ రెండు నెలల భారం కూడా మత్స్యకారుడి ఇంటి మీదే పడుతోంది. ఇలా చట్టం రేవు దాకా వచ్చి ఆగుతుంది. రెక్కలకు విదేశం దారి మూసుకుపోయినా, మాంసానికి గిరాకీ ఇచ్చేది మనమే. పెద్దాపురం సంతలో, సామర్లకోట బజారులో సొర ముక్కకు ధర పెట్టేది కొనే చెయ్యే.

గుజరాత్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అక్కడి సౌరాష్ట్ర తీరంలో తిమింగల సొరల్ని వందల్లో చంపేవారు. చట్టం వచ్చినా గ్రామాల్లో మాట పట్టలేదు. 2004లో వన్యప్రాణి సంరక్షణ సంస్థలవాళ్లు రామకథ చెప్పే మొరారీ బాపును అడిగారు. ఆయన ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చి చెప్పారు. ఆడపడుచును ఎవరు చంపుకుంటారు? జాలర్లే వలలు కోసి వాటిని వదలడం మొదలుపెట్టారు. తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అలా వందల కొద్దీ సొరలు తిరిగి సముద్రంలోకి వెళ్లాయి. మన విశాఖ తంతడి తీరంలో కూడా 2021 డిసెంబరులో వలలో చిక్కిన తిమింగల సొరను మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి నీళ్లలోకి మళ్లించారు. ఆయన మతం వేరు, మన మతం వేరు. కానీ గుడి అరుగు మీదైనా, గుడారంలోనైనా, మన మందిరంలోనైనా, ప్రసంగించేవాడి మాటకు వల కోయించే బలం ఉంటుందని ఆయన చూపించారు. పాస్టర్లందరమూ పులసల కాలంలో పులస గురించి సరదాగా మాట్లాడుకుంటాం, సొర గురించి మాట్లాడం.

మా అభిప్రాయం చెప్పేస్తున్నాం. కడుపుతో ఉన్న సొరను, అప్పుడే పుట్టిన పిల్ల సొరను కొనకండి. పాల సొర పిల్ల పుట్టినప్పుడు మూరెడు కూడా ఉండదు. అంతకంటే పొట్టిగా కనిపిస్తే అది మొన్న మొన్న పుట్టినదే. పెద్దయినా పెద్దగా పెరగని చిన్న జాతి సొర ఇంకొకటి ఉంది. ఏది ఏదో చేపలమ్మే అక్కకు బాగా తెలుసు. అడగండి, తేడా చెబుతుంది.

మరి బాలింత సంగతి? అమ్మమ్మల ప్రేమను మేము తక్కువ చేయం. కానీ ఒక్క మాట వినండి. సొర వేటాడి తినే చేప కాబట్టి దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. అమెరికాలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకూడని చేపల జాబితాలో సొరను పెట్టింది. బిడ్డ కోసమే పెడుతున్నది బిడ్డకే చేటు చేయవచ్చన్నమాట. మెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలున్నాయి, అవి త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెడతాయి, ధర తక్కువ, పాదరసం తక్కువ. మునగాకు కూర, వెల్లుల్లి కారం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నవే. పాలు పడటానికి అన్నిటికంటే ముఖ్యం బిడ్డను మాటిమాటికీ రొమ్ముకు పెట్టడం, తల్లికి కడుపు నిండా తిండి, కాస్త నిద్ర. ఆ నిద్ర దొరకాలంటే ఇంట్లో మగవాళ్లు కూడా రాత్రి బిడ్డను ఎత్తుకోవాలి.

మేము కొనకపోతే మత్స్యకారుడు ఎలా బతుకుతాడని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. గేలానికి పడి తెల్లవారేసరికి చనిపోయిన సొరను తిరిగి వదిలినా బతకదు. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఒకటి చేయగలం. బేరం ఆడి మెత్తళ్ల మీద పది రూపాయలు తగ్గించుకునే అలవాటు మానుకోగలం. చిన్న చేపకు సరైన ధర దొరికితే రాత్రంతా పెద్ద సొర కోసం లోతుకు పోవాల్సిన అవసరం కొంత తగ్గుతుంది.

స్త్రీల కూడికలో కాన్పు అయిన ఇళ్లకు భోజనం పంపే సహోదరీలతో ఈ మాట మాట్లాడాం. ఈ నెల నుంచి ఆ క్యారియరులో సొర ఉండదు. మెత్తళ్ల పులుసు, మునగాకు పప్పు, అన్నం. కాకినాడ నుంచి చేపలు తెచ్చే అక్కకు ముందుగానే చెప్పాం, అడిగినంత ఇస్తామని కూడా చెప్పాం.