కీబోర్డులో మన ఊరి స్వరం

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఇవాళ ఏ వేడుకకు వెళ్లినా కీబోర్డు వినిపిస్తుంది. నవమి పందిట్లో పద్య నాటకానికి అదే, ఆదివారం ఆరాధనలో పాటల బృందానికి అదే, పెళ్లి ముందు రోజు పాటకచ్చేరికీ అదే. పదిమంది వాద్యగాళ్లను పిలిచే స్తోమత లేని చిన్న ఊరు కూడా ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులతో రాత్రంతా పాట వినగలుగుతోంది. అందుకు సంతోషించాలి. అయితే పాట మధ్యలో సన్నాయి బిట్ రాగానే వాయించే మనిషి చాలాసార్లు నొక్కేది షెహనాయ్ మీట. కాశీ షెహనాయ్ గొప్ప వాద్యమే. కానీ మన గుడి ముందు, మన పెళ్లి పందిట్లో మోగే నాదస్వరం గొంతు వేరు. డోలు బదులు ఢోలక్, గుమ్మెట బదులు తబలా కూడా ఇలాగే వచ్చి కూర్చుంటున్నాయి. వినేవాళ్లు సర్దుకుంటున్నారు. ఇరవై ఏళ్లు సర్దుకున్న చెవికి అసలు స్వరం కొత్తగా తోచే రోజు వస్తుందేమోనన్నదే మన దిగులు.

ఈ దిగులుకు మందు ఆ కీబోర్డులోనే ఉంది. కంపెనీ ఇచ్చిన టోన్లు చాలకపోతే సొంతంగా రికార్డు చేసిన ధ్వనులను ప్యాక్‌గా కట్టి అందులోకి ఎక్కించుకునే వీలు ఇప్పుడు మధ్యతరగతి ధరల కీబోర్డులకూ వచ్చింది. యమహా పీఎస్ఆర్-ఎస్770లో ఇందుకోసం 160 మెగాబైట్ల చోటు ఉంది. తర్వాత వచ్చిన ఎస్ఎక్స్700లో అది 400 మెగాబైట్లు, ఎస్ఎక్స్900లో ఒక గిగాబైటు. ప్యాక్ కట్టే సాఫ్ట్‌వేరును కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. కోర్గ్ పీఏ వరుసలోనూ, మన వేదికల మీద తరచూ కనిపించే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10లోనూ సొంత శాంపిళ్లు పెట్టుకోవచ్చు. అరబ్బు దేశాల సంగీతం కోసం యమహా పీఎస్ఆర్-ఏ వరుసనూ, మన దేశం కోసం పీఎస్ఆర్-ఐ వరుసనూ విడిగా తయారు చేసింది. కానీ దేశమంతటికీ అమ్మే పెట్టెలో వేమూరు డోలు దెబ్బ ఉండాలని ఏ ఫ్యాక్టరీనీ అడగలేం. ఆ పని ఊరివాళ్లే చెయ్యాలి.

ఎంత పని అది? నాదస్వరాన్నే తీసుకుందాం. దాని పరిధి సుమారు రెండున్నర స్థాయిలు, అంటే ముప్ఫై స్వరస్థానాలు. ఒకటి విడిచి ఒకటి రికార్డు చేస్తే పదిహేను చాలు, మధ్యవాటిని కీబోర్డు కాస్త పైకో కిందికో జరిపి పలికిస్తుంది. ఒక్కో స్వరాన్ని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, అయిదేసి సెకన్లు ఊదించాలి. మొత్తం 150 సెకన్లు. సీడీ నాణ్యతలో, ఒకే మైకుతో తీస్తే సుమారు 13 మెగాబైట్లు అవుతుంది. పాత ఎస్770లో కూడా ఇలాంటివి పది పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. రికార్డు చేసిన ధ్వనిని కోసి శుభ్రం చేయడానికి ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. డబ్బు ఈ పనికి పెద్ద అడ్డంకి కాదు.

అడ్డంకి వినికిడి దగ్గర వస్తుంది. నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే. రెండు స్వరాల మధ్య ఉన్నదంతా వాయించే మనిషి ఊపిరిలోనూ, రంధ్రాన్ని సగం మూసే వేలిలోనూ, పెదవుల మధ్య నలిగే పీకలోనూ పుడుతుంది. శాంపిల్ తీసేవాళ్లు సాధారణంగా స్వరం మొదట్లో వచ్చే ఆ చిన్న ఊపిరి రాపిడిని శబ్దదోషం అనుకుని కోసేస్తారు. అది పోతే నాదస్వరం కాస్తా కారు హారన్ లాగా నిలబడిపోతుంది. ఆ రాపిడిని ఉంచాలి. ఆ తర్వాత స్వరం నిలకడగా సాగే చోట లూపు కట్టాలి. మీట నొక్కినంతసేపూ అక్కడి నుంచి ధ్వని తిరుగుతూ ఉంటుంది. అతుకు సరిగ్గా పడకపోతే ప్రతి తిరుగుడుకూ టిక్కుమంటుంది. ఒక్క స్వరానికి మంచి అతుకు దొరకడానికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే డౌన్‌లోడ్ చేసుకున్న ప్యాకుల్లో చాలావాటికి ప్రాణం ఉండదు.

గమకం సంగతి మరీ కష్టం. తోడి గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, ఊగుతూ పలికేది. మోహన గాంధారానికి, శహాన గాంధారానికి స్థానం ఒకటే అయినా నడక ఒకటి కాదు. విడి స్వరాలను రికార్డు చేసి, పిచ్ బెండ్ చక్రం తిప్పి గమకం తెచ్చుకోవచ్చు. దానికి వాయించేవాడి ఎడమచెయ్యి బాగా సాధన చేసి ఉండాలి. లేదా గమకంతో సహా స్వరాన్ని ఊదించి ఒక్కో మీటకు కట్టుకోవచ్చు. అప్పుడు అది ఒక్క రాగానికే, ఇంచుమించు ఒక్క వేగానికే పనికొస్తుంది. మా ఉద్దేశంలో రెండూ ఉండాలి. పద్య నాటకంలో తరచూ వినిపించే మోహన, కేదారగౌళ, బిలహరి లాంటి నాలుగైదు రాగాలకు గమకాలతో విడివిడిగా, మిగిలిన వాటికి మామూలుగా కట్టుకోవాలి. మీట కింద ఏ గాంధారం ఉండాలో నిర్ణయించడానికి మాత్రం కంప్యూటరు తెలిసిన కుర్రాడు చాలడు. సాధకుడైన విద్వాంసుడు అతని పక్కన కూర్చోవాలి.

పరాయి పెట్టె మనదెలా అవుతుందో ఈ నేలకు ముందే తెలుసు. హార్మోనియం పుట్టింది 1840ల పారిస్‌లో. 19వ శతాబ్ది చివరి పాదంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ మరో చేత్తో వాయించే పెట్టెగా మలిచారు. దానికి గమకం రాదని, పన్నెండు మెట్ల మీద బిగిసిపోయిందని పెద్ద విద్వాంసులు ఈసడించారు. 1940 మార్చి నుంచి ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ కట్టడిని సడలించలేదు. అదే కాలమంతా ఇక్కడి పద్య నాటకం హార్మోనియం మీదే నడిచింది. నటుడు పద్యం చివర రాగం ఎత్తుకుంటే హార్మోనిస్టు వెంటే వెళ్లి, ఆయన ఊపిరి తీసుకునే చోట తాను నింపి, మళ్లీ ఆయనకు దారి వదిలేవాడు. మెట్ల మధ్య ఖాళీని నటుడి గొంతు పూరించింది, గొంతుకు దమ్ము చాలని చోట పెట్టె ఆదుకుంది. అలా మన మనుషుల చేతుల్లో, మన పద్యం పక్కన నలిగి నలిగి హార్మోనియం తెలుగు వాద్యమైంది.

ఆ పద్యానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం పుట్టిల్లు లాంటిది. సత్య హరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల తాలూకా ఇటికంపాడులో పుట్టారు. సత్యభామ పాత్రకు మారుపేరైన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభ వేదిక మీద వెలిగారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. గొంతుతోనే యముణ్ణి రంగస్థలం మీదికి రప్పించిన వేమూరి గగ్గయ్యది వేమూరు. రేపల్లె రైలు నేటికీ ఆ ఊరి మీదుగానే వెళుతుంది. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను గుమ్మెటతో, అందెలతో ఊరూరా మోగించారు. ఒంగోలు దగ్గరి కరవదికి చెందిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. ఇంత సంగీతం ఉన్న చోట కీబోర్డు వాద్యగాడు సన్నాయి కోసం ఎక్కడివాళ్లో కట్టిన ప్యాకును వెతుక్కోవలసి రావడం బాధగా ఉంది.

ఏమేం రికార్డు చెయ్యాలో పెద్ద జాబితా అక్కర్లేదు. నాదస్వరం తర్వాత డోలు: ఒకవైపు పుల్ల దెబ్బ, మరోవైపు తొడుగులు పెట్టిన వేళ్ల దెబ్బ వేరువేరుగా. గుమ్మెటను నొక్కి వాయించినప్పుడు మూలిగినట్టు వచ్చే ధ్వని ఏ తబలా శాంపిల్‌లోనూ దొరకదు. హరిదాసు చిడతలు, కోలాటం కర్రలు, భజన తాళాలు, డప్పు ఉండాలి. ఇంకొకటి తప్పకుండా కావాలి. నాటక సమాజాల దగ్గర మిగిలి ఉన్న పాత హార్మోనియాలు. ఎత్తు శ్రుతిలో పాడే నటుల కోసం మలుచుకున్న ఆ రీడ్ల మోత కొత్త పెట్టెల్లో లేదు. తిత్తి లోపలి గాలి చప్పుడుతో సహా దాన్ని తీసి పెట్టుకోవాలి. ఆ హార్మోనియాలు చాలావరకు ఇళ్లల్లో అటకల మీద చెదలు పట్టిపోతున్నాయి.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటవేస్తే ఈ మాటలన్నిటికీ అర్థం లేదు. సన్నాయి శాంపిల్ ఎంత బాగా కుదిరితే సన్నాయి మేళానికి పిలుపు అంత తగ్గదా? తగ్గవచ్చు. ఖర్చు లెక్క చూసుకునే పెళ్లివారు కీబోర్డు అబ్బాయినే సన్నాయి కూడా వాయించమంటారు. తన ఊపిరిని మైకు ముందు ధారపోసిన విద్వాంసుడు మరుసటి ముహూర్తానికి ఇంట్లో కూర్చోవలసి వస్తే ఆ ప్యాక్ ఎంత తియ్యగా మోగినా అన్యాయమే. అందుచేత కొన్ని కట్టుబాట్లు మొదటి నుంచీ ఉండాలి. రికార్డింగుకు కూర్చున్న రోజుకు కచేరీ రోజుకు ఇచ్చేంత పారితోషికం ఇవ్వాలి. ప్యాక్ అమ్మితే అందులో వాటా ఉండాలి, అది నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. ప్యాక్‌లో స్వరం పేరు పక్కన వాయించినవారి పేరు, ఊరు పేరు కనబడాలి. ఇది దయ కాదు, హక్కు. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఇచ్చింది. 2012 సవరణ తర్వాత తన పేరు చెప్పించుకునే హక్కు కూడా చట్టంలో స్పష్టంగా చేరింది. ఒకరు కష్టపడి కట్టిన ప్యాకును పెన్‌డ్రైవ్‌లో పంచుకుని సొంతమన్నట్టు వాడుకునే అలవాటును వాద్యగాళ్లే మానుకోవాలి.

మంగళకార్యంలో మేళం చోటు మేళానికే ఉండాలి. తాళి కట్టే వేళ మనిషి ఊదిన సన్నాయి మోగాలి. అసలు మేళాన్ని పిలిచే వీలే లేని చోట, పాటకచ్చేరిలో సినిమా పాట మధ్య వచ్చే ఎనిమిది ఆవృత్తాల బిట్‌లో, పరదేశంలో తెలుగు పిల్లలు ఆడే నాటకంలో, ప్యాక్ పనికి రావాలి. ఈ గీత చెరగకుండా చూసుకోగలిగితే వాద్యమూ బతుకుతుంది, దాని నీడా మేలు చేస్తుంది. కుదిరిన శాంపిల్ విన్న పిల్లవాడు అసలు వాద్యం ఎలా ఉంటుందో చూడాలని గురువును వెతుక్కుంటూ వెళ్లడం కూడా జరగనిది కాదు.

ఈ పనికి పెద్ద స్టూడియో కోసం ఎదురుచూడనక్కర్లేదు. తెనాలి నాటక సమాజాలు, బాపట్ల కళాశాలల విద్యార్థులు, రేపల్లె వైపు చర్చి వాద్యబృందాలు ఒక్కో వాద్యాన్ని పంచుకుంటే ఏడాదిలో మంచి ప్యాక్ తయారవుతుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మేళగాళ్లకు చేతిలో పని ఉండదు. ఫ్యాన్లు ఆపేసిన నిశ్శబ్దమైన గదిలో, తలుపులకు దుప్పట్లు కట్టి, రెండు రోజులు రికార్డు చేసుకోవడానికి అంతకన్నా మంచి నెల దొరకదు. కీబోర్డు వాయించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం ఒక్కటే. వచ్చే ఆషాఢంలో మీ ఊరి సన్నాయి పెద్దాయన ఇంటికి వెళ్లండి. పారితోషికం ముందుగా ఆయన చేతిలో పెట్టి, అప్పుడు మైకు బిగించండి.