పక్కన పెట్టడమా? పట్టాలెక్కించడమా?

పాకాలలో మా సంఘపు పెద్ద ఒకాయన ఉన్నారు. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి కూడా ఫిట్టరే. పాకాల మీటరుగేజి జంక్షనుగా ఉండి, షెడ్డులో ఆవిరి ఇంజన్లు పొగలు కక్కిన కాలపు మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక స్వదేశానికి వెళ్లిపోతూ ఒక ఇంగ్లిషు అధికారి ఆ తండ్రి చేతికి ఒక చిన్న ఆవిరి ఇంజను నమూనా ఇచ్చి వెళ్లారట. మూరెడు పొడవు ఉంటుంది. రాగి బాయిలరు, ఇత్తడి గొట్టాలు, ఇనుప చక్రాలు. నీళ్లు పోసి నిప్పు రాజేస్తే నిజం ఇంజను లాగానే ఆవిరితో నడిచేది. ఎన్నో ఏళ్లుగా అది ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

ఆయన దాన్ని బయటికి తీసేసరికి సేఫ్టీ వాల్వు లేదు. నీటిమట్టం చూపే గాజు గొట్టం పగిలిపోయింది. ఒకవైపు కనెక్టింగ్ రాడ్డు పోయింది. బాయిలరు అతుకు ఒకచోట విడిపోయింది.

"శుభ్రంగా తుడిచి, రంగు వేసి షోకేసులో పెట్టుకోండి, బాగుంటుంది" అన్నాను నేను.

ఆయన నవ్వారు. "షోకేసులో పెట్టేదానికైతే రంగు చాలు అయ్యగారూ. నడవాలంటేనే గదా పని" అన్నారు.

ఆ పని ఏమిటో తర్వాతి నెలల్లో కళ్లారా చూశాను. తిరుపతిలో హార్డ్‌వేరు షాపులన్నీ తిరిగారు. చెన్నై వెళ్లి పాత ఇత్తడి సామాన్ల అంగళ్లు వెతికారు. ఒక్క స్క్రూ కూడా సరిపోలేదు. ఆ కాలపు బ్రిటిష్ నమూనాల్లో చిన్న స్క్రూలకు 'బి.ఏ.' అనే కొలత వాడేవారు. వాటి మరల కోణం 47.5 డిగ్రీలు. ఇప్పుడు మనకు దొరికే మెట్రిక్ స్క్రూలది 60 డిగ్రీలు. చూపులకు రెండూ ఒకటే. మొదటి చుట్టు ఎక్కినట్టే ఉంటుంది. ఇంకాస్త బిగిస్తే మాత్రం లోపలి మరలు అరిగిపోయి, అసలు స్క్రూ దొరికినా పట్టని స్థితి వస్తుంది. అందుకే ఆయన ఏదీ బలవంతంగా బిగించలేదు. ఒక లేతు మిషను కుర్రాడి పక్కన కూర్చుని, మిగిలిన స్క్రూలను కొలిచి, అదే కొలతకు కొత్తవి చేయించారు. రెండోవైపు మిగిలి ఉన్న రాడ్డును చూసి పోయిన రాడ్డు చేయించారు.

బాయిలరు అతుకు కోసం చిత్తూరులో ఒక కంసాలి ఆచారి దగ్గరికి వెళ్లారు. మామూలు సీసపు టంకం ఆ వేడికి నమ్మదగింది కాదు, వెండి టంకమే కావాలి. ఆచారి టంకం వేయడానికి పట్టిన సమయం కొద్ది నిమిషాలే. ఆ అతుకును గీకి, కడిగి, వెలిగారం పూసి సిద్ధం చేయడానికి పూట పట్టింది. మసి ఉన్నచోట వెండి పారదట.

చివరగా పరీక్ష. కొత్త అతుకు వేసిన బాయిలరులో వెంటనే ఆవిరి ఎక్కించరు. ముందు చన్నీళ్లు నింపి, పంపుతో మామూలు పనికి రెండింతల ఒత్తిడి పెడతారు. ఒకవేళ అతుకు ఊడినా నీళ్లు కారిపోతాయి తప్ప ఎవరికీ హాని ఉండదు. అదే ఆవిరి అయితే పేలుతుంది. ఆ పరీక్షలో నిలిచాకే నిప్పు.

"పెరంబూరులో కూడా ఇంతే అయ్యగారూ, కాకపోతే అక్కడ ఇంజను పెద్దది" అన్నారాయన. మద్రాసు రైల్వే 1856లో నెలకొల్పిన పెరంబూరు లోకో వర్క్స్ మనకు పొరుగుదే. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఈ.ఐ.ఆర్.-21 ఇంజను 1909లో విశ్రాంతి పొంది, నూరేళ్లకు పైగా ప్రదర్శన వస్తువుగా నిలబడిపోయింది. 2010లో పెరంబూరు కార్మికులే దాన్ని మళ్లీ నడిపించారు. దాని తోటిదే ఫెయిరీ క్వీన్. అదీ 1855 నాటిదే. 2011లో దాని విడిభాగాలు దొంగల పాలయ్యాయి. నూటయాభై ఏళ్లు దాటిన ఇంజనుకు ఏ బజారులో సామాన్లు దొరుకుతాయి? అదీ పెరంబూరులోనే బాగుపడింది. 2017లో ఢిల్లీ నుంచి రేవాడికి మళ్లీ పరుగెత్తింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కొత్త నిబంధన మూలభాషయిన గ్రీకులో 'కటార్టీజో' అనే క్రియ ఒకటుంది. యాకోబు, యోహానులు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న సందర్భంలో మత్తయి వాడింది ఆ మాటనే (మత్తయి 4:21). తప్పిదంలో చిక్కుకున్న సహోదరుణ్ణి సాత్వికంతో మళ్లీ దారికి తెమ్మని గలతీయులకు రాసినప్పుడు పౌలు వాడిందీ అదే మాట (గలతీ 6:1). చిరిగిన వలను జాలరి పారవేయడు, గోడకు అలంకారంగా వేలాడదీయడు. మళ్లీ నీళ్లలో వేయడానికే బాగుచేస్తాడు.

ప్రభువు పేతురును బాగుచేసిన తీరు చూడండి. ప్రధాన యాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర నిలబడి పేతురు ప్రభువును ఎరుగనన్నాడు (యోహాను 18:18). తిబెరియ సముద్ర తీరాన ప్రభువు మళ్లీ బొగ్గుల మంట దగ్గరే అతణ్ణి కూర్చోబెట్టాడు (యోహాను 21:9). కొత్త నిబంధనలో బొగ్గుల మంటకు వాడిన ఆ గ్రీకు మాట ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా లేదు. మూడుసార్లు ఎరుగనన్నవాణ్ణి మూడుసార్లు ప్రేమను గురించి అడిగాడు. గాయం ఎంతుందో మందు అంతే. ఇది బజారులో కొన్న విడిభాగం కాదు, పేతురు కొలత తీసుకుని చేసిన మరమ్మతు. అది ముగిసీ ముగియకముందే గొర్రెల బాధ్యత అప్పగించాడు. ఆయన అతణ్ణి క్షమించబడినవాడిగా షోకేసులో పెట్టలేదు, పట్టాలెక్కించాడు.

మరి మన సంఘాల్లో జరుగుతున్నదేమిటి? ఒకరు పడిపోతే మనం మొదట వెతికేది అతని స్థానంలోకి ఇంకొకణ్ణి. నా సంగతే చెబుతాను. మా సంఘంలో కీబోర్డు వాయించే యువకుడు ఒకడు తాగుడుకు అలవాటుపడ్డాడు. యువజనుల నిధిలో కొంత డబ్బు వాడుకున్నాడు. అతణ్ణి బాధ్యతల నుంచి తప్పించాం. అది అవసరమే. వచ్చే ఆదివారానికల్లా కొత్త వాద్యగాడు దొరికాడు. పాటలు ఎప్పటిలాగే సాగాయి. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ యువకుని గడప మాలో ఎవరూ తొక్కలేదు. కాపరినైన నేనూ తొక్కలేదు. మూరెడు ఇంజను కోసం ఆ పెద్దాయన తిరిగినంత దూరం, ఒక ఆత్మ కోసం నేను తిరగలేదు.

ఇలా అంటే క్రమశిక్షణ వద్దని కాదు. మసి గీకకుండా వెండి పారదు. పాపాన్ని కప్పిపుచ్చితే అతుకు నిలవదు. డబ్బు దగ్గర తడబడినవాడి చేతికి మర్నాడే కానుకల పెట్టె ఇవ్వడం ప్రేమ కాదు, అతణ్ణి మళ్లీ శోధనలోకి నెట్టడమే. ముందు చన్నీళ్ల పరీక్ష ఉండాలి. చిన్న పని, తోడుగా ఒక పెద్ద, కొంత కాలం. అలాగే ఒకరికి సరిపడిన మందును మరొకరికి బలవంతంగా బిగించకూడదు. తాగుడు మానాలంటే ఒకరికి వైద్యం కావాలి, ఇంకొకరికి అప్పుల నుంచి దారి కావాలి, ఇంకొకరికి ఇంట్లో సమాధానం కావాలి. ముందు కొలత తీసుకోవాలి. అంటే కూర్చుని వినాలి. గీకడంతోనే ఆగిపోయి, అతుకు వేయకుండా వదిలేసేది క్రమశిక్షణ కాదు, పారవేయడం.

గత నెల ఆ యువకుణ్ణి వెతుక్కుంటూ మదనపల్లెకు వెళ్లాను. ఒక మెకానిక్ షాపులో పనిచేస్తున్నాడు. కాఫీ తెప్పించాడు. "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అయ్యగారూ?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను, క్షమించమని మాత్రం అడిగాను. అతను ఇంకా గుడికి రాలేదు. మళ్లీ వెళ్తాను.

పాకాల ఇంజను మాత్రం నడిచింది. పెద్దాయన ఇంటి వరండాలో, నాలుగు గజాల పట్టాల మీద. రంగు వేయలేదు, పాత గీతలన్నీ అలాగే ఉన్నాయి. ఈ ఆదివారం మీ మందిరంలో ఖాళీగా కనిపించే కుర్చీని ఒకసారి చూడండి. ఆ స్థానాన్ని భర్తీ చేయడం సులువే. ఆ మనిషిని మాత్రం వెతుక్కుంటూ వెళ్లాలి.