ఒక్క వానతో సీమ మారదు
2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగాయి. అది చూసి సీమకు కరువు తీరిందనుకుంటే పొరపాటు. ఆ వారం వాన వాతావరణం చేసిన పని. ఆ చోటి శీతోష్ణస్థితి తేలాలంటే 30 ఏళ్ల సగటు తీయాలి. తీస్తే అనంతపురానికి ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లే. అందుకు మూలం పడమటి కనుమలు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి మేఘాలు ఆ కొండలెక్కుతూ చల్లబడి, కర్ణాటకలోని ఆగుంబెలో 7,000 మిల్లీమీటర్లకు పైగా కుమ్మరిస్తాయి. కనుమ దిగిన గాలి వేడెక్కి, పొడిబారి ఇటు చేరుతుంది. ఈశాన్య రుతుపవనాలేమో ఒడ్డునున్న నెల్లూరును తడిపినంతగా ఇంత లోపలికొచ్చి తడపవు. వేరుశనగ రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే చెట్టు పీకినా చేతికి తాలుకాయలే వస్తాయని ఆయనకు తెలుసు. తెలియాల్సింది పథకాలు రాసేవాళ్లకు. చెరువులు నిండిన ఒక్క ఏడాదిని చూసి కరువు పనులు తగ్గించడం, బోర్ల మీద అదుపు సడలించడం రైతుకు చేసే అన్యాయం. పూడికతీతైనా, పంటల బీమా అయినా, కొర్రకు మద్దతు ధరైనా 30 ఏళ్ల సగటును ముందు పెట్టుకునే నిర్ణయించాలి.