గద్దర్ పేరిట సినిమా పురస్కారాలా?

నంది పురస్కారాల స్థానంలో గద్దర్ పేరిట పురస్కారాలిస్తామని 2024 జనవరి 31న తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. 2025 జూన్ 14న హైదరాబాదులో ప్రదానోత్సవమూ జరిగింది. ప్రజాగాయకునికి ఇంతకన్నా గౌరవమేముంటుందని మురిసిపోయినవారు ఎందరో. నాకు మాత్రం ఇందులో గౌరవం కన్నా మరపే ఎక్కువగా కనిపిస్తున్నది.

మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు గద్దర్ కావడానికి సినిమాతో నిమిత్తం లేదు. గదర్ పార్టీ స్ఫూర్తితో పెట్టుకున్న పేరు, వదులుకున్న బ్యాంకు ఉద్యోగం, జననాట్యమండలి, 1985 నుంచి 1990 దాకా అజ్ఞాతవాసం: ఆయనను తీర్చిదిద్దినవి ఇవి. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగవతం వంటి పల్లె కళలనుంచి బాణీలు తీసుకుని, కూలి గురించీ భూమి గురించీ కులం గురించీ పాడారు. పాట మధ్యలో ఆగి మాట్లాడేవారు; మాటల్లోంచి మళ్ళీ పాటలోకి వెళ్ళేవారు. వెనుక డప్పు, గజ్జెల మోత, వంత పాడే బృందం. ఆ బృందం లేకుండా ఆ పాట లేదు.

సినిమాకు కావలసింది బృందం కాదు, ముఖం. 1979 నాటి 'మాభూమి' చూడండి. అందులో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' పాట తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టినది. పాడిన ముఖం అందరికీ గుర్తుంది, కట్టినవాని పేరు ఎందరికి గుర్తుంది? ఇది గద్దర్ తప్పు కాదు, తెర స్వభావం. గూడ అంజయ్య 2016లో, వంగపండు ప్రసాదరావు 2020లో వెళ్ళిపోయారు. ఊరూరా జనం పాడుకున్న పాటలు రాసినవారు వీరు. ఆ సమూహాన్నంతటినీ ఒక్క పేరులోకి కుదించి, ఆ పేరును తారల చేతిలోని జ్ఞాపికమీద చెక్కితే దానిని వారసత్వమందామా? 'ఒరేయ్ రిక్షా' పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించారన్న సంగతైనా తలచుకోవద్దా?

"ఆయనే మారాడు కదా" అనేవారున్నారు. నిజమే. 2018లో మొదటిసారి ఓటు వేశారు, 2023లో గద్దర్ ప్రజా పార్టీ స్థాపించారు. తుపాకీని కీర్తించిన గొంతు రాజ్యాంగం గురించి పాడింది. ఆ ప్రయాణాన్ని దాచకుండా చర్చించాలంటాను. నక్సలైట్ల చేతిలో చనిపోయిన పోలీసుల కుటుంబాలకు ఆయనను ప్రశ్నించే హక్కుంది. ఎదురుకాల్పుల పేరిట బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కూ అంతే ఉంది. పురస్కారాల వేదికమీద ఈ రెండు ప్రశ్నలకూ చోటు లేదు.

1997 ఏప్రిల్ 6న ఆయన ఇంటివద్దనే ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా శరీరంలోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన మరణిస్తే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తూటాకూ లాంఛనాలకూ నడుమ ఇరవై ఆరేళ్ళున్నాయి. ఆ కాల్పుల వెనుక ఎవరున్నారో తేల్చి ప్రజలముందు పెట్టడం, ఏ పురస్కారం కన్నా ముందు తీర్చవలసిన బాకీ.

రెండవ బాకీ పాటలది. అవి పుస్తకంలో అచ్చయినంత మాత్రాన నిలిచేవి కావు. చోటును బట్టి మారిన చరణాలు, నడుమ చెప్పిన మాటలు, డప్పు దరువులు, రచయితల పేర్లు, వంత పాడినవారి పేర్లు అన్నీ నమోదు కావాలి. ఆ వంతగాళ్ళలో ఎందరో ఇప్పుడు వృద్ధులు. ఒక్క ప్రదానోత్సవానికయ్యే ఖర్చులో కొంత భాగంతోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

ప్రభుత్వం చేస్తుందని ఎదురుచూడనక్కరలేదు, మిత్రులారా. మీ ఊరిలో ఆ పాటలు పాడినవారెవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. పాటను రాసుకోండి. ఎవరు కట్టారో, ఏ ఊళ్ళో ఏ సంవత్సరం పాడారో అడిగి ఆ వివరమూ చేర్చండి. నాతో విభేదించేవారు కూడా ఈ ఒక్క పనికి అడ్డు చెప్పరనుకుంటాను.